తాతయ్య పొలం ఏట్లో ఉంది

ఆగస్టులో ఒకరోజు పొద్దున్నే మా అమ్మాయి హైదరాబాద్ నుంచి ఒక ఫొటో పంపింది. ఉపగ్రహం తీసిన బొమ్మ. గౌతమి పాయ నడిమధ్యలో, నిండు నీళ్ళ మీద ఒక ఎర్ర గుర్తు. కింద ఇలా రాసింది: "నాన్నా, ముత్తాతగారి పొలం ఎక్కడుందో చూద్దామని సర్వే నంబరు కొడితే ఇక్కడ చూపిస్తోంది. తప్పు చూపిస్తోందా?"

తప్పేమీ లేదు. సరిగ్గా అక్కడే ఉంది. ఎకరం నలభై సెంట్లు. రికార్డుల్లో ఇప్పటికీ మా తాతయ్య పేరు మీదే ఉంది. ఆ సర్వే నంబరు మీద నేల కనపడి మాత్రం ముప్పై ఎనిమిదేళ్ళు దాటింది.

ఫోన్‌లో చెబితే తేలే సంగతి కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. అమ్మాయి చదువుతుంది, మా వైపు వాళ్ళు ఇంకెవరైనా చదువుతారు.

నేను సర్వేయర్‌గా 36 ఏళ్ళు పనిచేసి రిటైర్ అయ్యాను. నా ఉద్యోగమే హద్దులు చూపించడం. గొలుసు లాగి, కొలత పుస్తకంలో గీత చూసుకుని, రాయి పాతించి, "ఇక్కడి వరకు మీది, అవతల నుంచి వాళ్ళది" అని చెప్పడం. మెరక ఊళ్ళలో ఆ రాయి ముగ్గురు సర్వేయర్లు మారినా కదలదు. కానీ నేను పుట్టింది లంకలో. ముక్తేశ్వరం రేవుకి అవతల, ఏటి నడుమ. అక్కడ రాయి కాదు కదా, రాయి పాతిన చేనే ఉంటుందన్న నమ్మకం లేదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఈ రెండూ నాలో కలవలేదు. ఇప్పుడు తీరిగ్గా కూర్చుని ఆలోచిస్తుంటే, మా లంకవాళ్ళకి తెలిసినంత నేల సంగతి నా పుస్తకాలకు తెలియదనిపిస్తోంది.

లంక అంటే తెలియనివాళ్ళకి ఒక మాట. ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వశిష్ట పాయలుగా చీలుతుంది. వశిష్టలోంచి మళ్ళీ వైనతేయ విడిపోతుంది. పైనుంచి తెచ్చిన ఇసుకా ఒండ్రూ నీటి వేగం తగ్గిన చోట దించేస్తుంది. అలా ఏటి మధ్యలో లేచిన నేలే లంక. మా చిన్నప్పుడు ఇళ్ళన్నీ ఎత్తైన అరుగుల మీద ఉండేవి. శ్రావణం వచ్చిందంటే మామ్మ బియ్యం, చింతపండు, కిరసనాయిలు అటక మీదికి ఎక్కించేసేది. ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక అంటే పది లక్షల క్యూసెక్కులు, రెండోది పదమూడు లక్షలు, మూడోది పదిహేడు లక్షలు. ఈ లెక్క మాకు ఎక్కాల కంటే ముందు వచ్చేది. రెండో హెచ్చరిక విన్నామంటే గొడ్లని నావ ఎక్కించి ఏటిగట్టు మీదికి తోలేవాళ్ళం.

అయినా వరద రాని సంవత్సరం మా తాతయ్య దిగులుగా ఉండేవాడు. ఇది చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు. వరద వచ్చి తీసాక చేల మీద వేలెడు మందాన ఒండ్రు పరుచుకునేది. ఆరాక పెచ్చులు పెచ్చులుగా లేచి, తొక్కితే కరకరలాడేది. దాని మీద పొగాకు వేసేవాళ్ళు. లంక పొగాకుకి అంత పేరు రావడానికి కారణం ఆ ఒండ్రే. ఎరువు కొన్న గుర్తు నాకు లేదు. రెండేళ్ళు వరుసగా వరద చేను ఎక్కకపోతే ఆకు పలచబడేది. "ఏరు మనల్ని మర్చిపోయిందిరా" అనేవాడు.

ఇక ఆ పొలం సంగతి. 1986 ఆగస్టు. భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చిన సంవత్సరం. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల పైచిలుకు పోయింది. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. మేమంతా గట్టు మీద టార్పాలిన్ల కింద ఉన్నాం. నీళ్ళు తీయడం మొదలెట్టాక నేను, తాతయ్య, చిన్నాన్న పడవ మీద లంకకి వెళ్ళాం. చేను ఉంది. అరటి చెట్లు పడిపోయాయి కానీ చేను ఉంది. నేను ఊపిరి పీల్చుకున్నాను. తాతయ్య మాత్రం చేలోకి దిగలేదు. అంచు వైపు చూస్తూ నిలబడ్డాడు.

"వరద వచ్చేటప్పుడు కొయ్యదురా. తీసేటప్పుడు కోస్తుంది" అన్నాడు.

దాని వెనక లెక్క నాకు చాలా ఏళ్ళ తర్వాత గానీ అర్థం కాలేదు. వరద నిండుగా ఉన్నప్పుడు చేను ఒడ్డు నానిపోయి బరువెక్కుతుంది, కానీ పక్కన అంత ఎత్తు నీళ్ళు దాన్ని ఒత్తిపట్టి ఉంచుతాయి. నీళ్ళు గబగబా తీసేస్తే ఆ ఆసరా పోతుంది. నానిన మట్టి బరువు అలాగే ఉంటుంది. అంచుకి సమాంతరంగా సన్నగా బీట పడుతుంది. మేం చూస్తుండగానే ఆ బీట వెడల్పయింది. తర్వాత పెద్ద దిమ్మ, మా పెరడంత ఉంటుంది, ఒక్కసారిగా జారింది. ఆ చప్పుడు ఎలా ఉంటుందో రాయడం నాకు చేతకావడం లేదు. దూరంగా ఎవరో బస్తా దించినట్టు, అంతే. సాయంత్రానికి అలాంటివి ఎనిమిదో తొమ్మిదో జారాయి. పదిహేను రోజుల్లో ఎకరం నలభై సెంట్లలో పావు వంతు కూడా మిగల్లేదు. మిగిలింది మరుసటి ఏడు పోయింది.

చిన్నాన్న ఏడ్చాడు. తాతయ్య ఆ రాత్రి అన్నం తినలేదు. ఆ నష్టాన్ని నేను తక్కువ చేసి చెప్పడం లేదు. మా ఇంట్లో ఒక పెళ్ళి ఆగింది, నాన్న అప్పు చేశాడు, నేను ఉద్యోగం కోసం లంక వదిలాను. కానీ నాలుగు రోజుల తర్వాత తాతయ్య నన్ను పడవలో దిగువకి తీసుకెళ్ళాడు. రెండు మైళ్ళ కింద, అవతలి ఒడ్డుకి దగ్గరగా, అంతకుముందు పడవలు తిరిగిన చోట కొత్త ఇసుక మేట. తెల్లగా, తడిగా, పిట్టల కాళ్ళ గుర్తులు తప్ప ఏమీ లేకుండా. ఆయన దిగి, ఒక పిడికెడు తీసి, వేళ్ళతో నలిపి చూశాడు.

"ఏరు తిన్నది ఎక్కడో కక్కుతుంది. ఇది పండటానికి ఐదారేళ్ళు పడుతుంది. అప్పటికి నేను ఉండను" అన్నాడు.

అలాగే జరిగింది. మొదటి ఏడు ఒట్టి ఇసుక. రెండో ఏడు రెల్లు మొలిచింది. రెల్లు వేళ్ళు ఇసుకని పట్టుకుంటాయి, దుబ్బులు వరద నీటికి అడ్డుపడతాయి. అడ్డుపడిన చోట నీరు మెల్లబడి ఒండ్రు దిగుతుంది. ఏటేటా ఒక పొర. నాలుగో ఏట తుంగ కనపడింది. ఐదో ఏట ఎవరో పుచ్చ, దోస పెట్టారు. తర్వాత రెల్లు కొట్టేసి దున్నారు. అది సర్కారు భూమి కింద లెక్క, కౌలుకి ఇచ్చారు. మా పొలం మాకు తిరిగి వచ్చిందని కాదు. మాకు రాలేదు. కానీ లంక మాత్రం పోలేదు. కాస్త దిగువకి జరిగింది.

ఉద్యోగంలో చేరాక కోనసీమ అంతా తిరిగాను. అమలాపురం నుంచి సముద్రం వైపు ఏ రోడ్డు మీద వెళ్ళినా గమనించండి. కొంత దూరం ఇసుక దిబ్బ, దాని మీద కొబ్బరి తోటలు, ఇళ్ళు, గుడి. తర్వాత పల్లం, వరి చేలు. మళ్ళీ దిబ్బ. మళ్ళీ పల్లం. నా మ్యాపుల్లో ఆ దిబ్బలన్నీ ఇంచుమించు ఒకదానికొకటి సమాంతరంగా, సముద్రపు ఒడ్డుకీ సమాంతరంగా వంపు తిరిగి ఉండేవి. చాలా ఏళ్ళు వాటిని ఊరికే అలా గీస్తూపోయాను. ఒకసారి తీరానికి ఎంతో లోపల ఒక ఊళ్ళో బావి తవ్వుతుంటే గవ్వలు, ఆల్చిప్పలు పడ్డాయి. అక్కడే కూర్చుండిపోయాను. ఆ దిబ్బ ఒకప్పటి సముద్రపు ఒడ్డు. నేను గీసిన ప్రతి దిబ్బా ఒక పాత ఒడ్డే. సుమారు 6, 7 వేల ఏళ్ళ క్రితం సముద్రమట్టం పెరగడం మందగించాక, గోదావరి మట్టి తెచ్చి పోస్తూ సముద్రాన్ని వెనక్కి నెట్టుకుంటూ వచ్చింది. ఆగిన ప్రతిచోటా అలలు ఒక ఇసుక కట్ట పేర్చాయి. మన తాతముత్తాతల ఊళ్ళు ఆ కట్టల మీదే వెలిశాయి.

ఇక్కడ ఒక విషయం చాలామందికి తెలియదు. డెల్టా నేల తనంతట తాను కుంగుతుంది. కోనసీమలో ఇల్లు కట్టినవాళ్ళకి ఇది సులువుగా అర్థమవుతుంది. స్థలం మెరక చేస్తాం కదా, రెండు వానాకాలాలు వెళ్ళేసరికి జానెడు దిగుతుంది. మళ్ళీ మట్టి తోలించాలి. డెల్టా మొత్తం అలాంటి మెరకే. వేల ఏళ్ళ ఒండ్రు, పొర మీద పొర, తన బరువుకి తానే నొక్కుకుంటూ ఉంటుంది. అవతల అలలు ఊరుకోవు. కాబట్టి నేల ఉన్న ఎత్తులో ఉండాలంటే, ఉన్న చోట ఉండాలంటే, ప్రతి ఏడూ పైనుంచి కొత్త మట్టి రావాల్సిందే. వేల ఏళ్ళుగా స్థిరంగా ఉందని మనం అనుకునే కోనసీమ ఏటేటా కొట్టుకుపోతూ, ఏటేటా కొత్తగా వచ్చి చేరుతూ నిలబడింది.

ఆ రాక తగ్గిపోయింది. ఆంధ్రా యూనివర్సిటీ పరిశోధకులు 2004లో ఒక వ్యాసం ప్రచురించారు. 1971 నుంచి 1979 మధ్య గోదావరి మోసుకొచ్చిన ఒండ్రు సగటున ఏడాదికి సుమారు 15 కోట్ల టన్నులు. 1990 నుంచి 1998 మధ్య అది 5.7 కోట్ల టన్నులకు పడిపోయింది. ఇరవై ఏళ్ళలో మూడో వంతుకి దగ్గరగా వచ్చింది. మహారాష్ట్ర నుంచి మొదలుపెట్టి నది మీదా ఉపనదుల మీదా కట్టుకున్న జలాశయాల అడుగున ఆ మట్టి దిగబడిపోతోంది. డెల్టా అంచు ముందుకి జరగడం పోయి, చాలాచోట్ల వెనక్కి వస్తోందని వాళ్ళే రాశారు. ఆ అంకెలు చూసిన రోజు నాకు తాతయ్య మాట గుర్తొచ్చింది. ఏరు మనల్ని మర్చిపోతోంది.

కట్టిన వాళ్ళని తిట్టడానికి ఇది రాయడం లేదు. 1832, 33ల కరువులో ఈ సీమలో జనం ఎలా చచ్చిపోయారో పెద్దవాళ్ళు తరాలుగా చెప్పుకున్నారు. కాటన్ దొర 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాకే ఈ పల్లాల్లో నిలకడగా వరి పండింది. నేను ఆ కాలవ నీళ్ళతో పండిన బియ్యం తిని పెరిగాను. ఏటిగట్లు లేకపోతే 1986లో ఎన్ని ఊళ్ళు పోయేవో లెక్క లేదు. కానీ గట్టు చేసే ఇంకో పని కూడా చెప్పాలి. వరదతో పాటు ఒండ్రునీ చేలల్లోకి రానివ్వదు. వచ్చే ఆ కాస్త మట్టీ మన పొలాల పక్క నుంచి నేరుగా సముద్రానికి పోతుంది. గట్టు బయట ఉన్న లంకలు ఎత్తు పెరుగుతుంటే, గట్టు లోపలి చేలు ఉన్నచోటే ఉండి మెల్లగా దిగుతున్నాయి. సర్వేలో లెవెల్స్ తీస్తున్నప్పుడు రెండు పక్కల తేడా చూసి నాకు ఒక్కోసారి టెన్షన్ వచ్చేది.

రిటైర్ అయిన ఏడాది కోరింగ వెళ్ళాను. అంతకుముందు కొలతల పని మీద ఎన్నోసార్లు వెళ్ళాను కానీ, ఊరికే చూడటానికి వెళ్ళడం అదే మొదటిసారి. కోరింగ ఒకప్పుడు పెద్ద రేవు. ఓడలు కట్టేవాళ్ళు, బాగుచేసేవాళ్ళు. 1789లో ఒకసారి, 1839లో ఒకసారి తుఫాను ఉప్పెన వచ్చి ఊడ్చేసింది. ఆ పైన గోదావరి మట్టి మేట వేసి ఓడల దారి పూడ్చేసింది. రేవుకి ఆ మట్టి చావు. మడ అడవికి మాత్రం అదే పుట్టుక. బురద తేలిన చోటల్లా తెల్లమడ, తిల్ల మొలకెత్తుతూ వెళ్ళాయి. ఇప్పుడది 235 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం, 1978లో ప్రకటించారు.

పోటు తీసిన వేళ అక్కడి చెక్క వంతెన మీద నిలబడి చూశాను. బురదలోంచి వేలెడేసి శ్వాసవేర్లు వేలకు వేలు నిటారుగా లేచి ఉన్నాయి. బురదలో గాలి ఉండదు, అందుకని చెట్టు వేళ్ళని పైకి పంపి ఊపిరి తీసుకుంటుంది. రోజుకి రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు. ఒక పూట ఉప్పు నీళ్ళు, వరద రోజుల్లో తియ్య నీళ్ళు. ఏ పూటా నిన్నటిలా ఉండదు. కాళ్ళ కింది బురద కూడా పాయల వెంట ఒకచోట పోతూ ఒకచోట పెరుగుతూ ఉంటుంది. పాత అంచున పెద్ద చెట్లు నీళ్ళలోకి ఒరిగిపోయి ఉన్నాయి. ఎదురుగా కొత్త బురద మీద మోకాలెత్తు మొక్కలు. పడవ నడిపే పెద్దాయనని "ఈ అడవి మీ చిన్నప్పుడు ఇక్కడే ఉండేదా?" అని అడిగాను. "ఆయ్, అడవి ఇక్కడే ఉండేదండి. ఈ చెట్లు మాత్రం కాదు" అన్నాడు.

అవతల హోప్ ఐలాండ్. అదీ గోదావరి ఇసుకే. పాయ తెచ్చి పోసిన ఇసుకని అలలూ ఒడ్డు వెంట పారే నీళ్ళూ ఉత్తరంగా లాక్కుపోయి, కొక్కెంలా సాగదీశాయి. సుమారు 16 కిలోమీటర్ల పొడవు. కాకినాడ రేవులో ఓడలు నిశ్చింతగా నిలబడటానికి ఆ ఇసుక కడ్డీయే అడ్డు. చలికాలం చివర్లో సముద్ర తాబేళ్ళు అక్కడ ఒడ్డెక్కి గుడ్లు పెడతాయి. ఏ కాంట్రాక్టరూ కట్టని అడ్డుగోడ అది. అలలు ఒక పక్క కోస్తుంటే ఇంకో పక్క ఇసుక వచ్చి చేరుతుంది కాబట్టే ఇన్నాళ్ళు నిలిచింది.

అక్కడి నుంచి ఉప్పాడ వెళ్ళాను. జాందానీ చీరల ఉప్పాడ. ఆ ఒడ్డు కోత ఎందుకన్నదానికి కారణాలు ఒకటి కాదు కాబట్టి అన్నీ నది మీద పెట్టను. కానీ అక్కడ చూసింది చెప్పాలి. బీచ్ రోడ్డు పక్కన బండరాళ్ళ గోడ. అంతకుముందు ఇసుక నింపిన పెద్ద గొట్టాలు పేర్చారు, అవి అలలకి చీలికలయ్యాయి. గోడ ఉన్న చోట ఒడ్డు నిలిచినట్టు కనిపిస్తుంది. గోడ ముందు మాత్రం ఇసుక లేదు. వల బాగుచేసుకుంటున్న ఒకామె సముద్రం వైపు చెయ్యి చూపించి, "మా అమ్మమ్మ ఇల్లు అదిగోనండి, ఆ నాలుగో కెరటం దగ్గర" అంది. ఆమె చూపించిన చోటు నేను కళ్ళతో కొలిచాను. అలవాటు. సుమారు రెండు వందల గజాలు.

రెండూ ఇంచుమించు ఒకే రోజు చూడటం వల్లేమో, నాకు నిద్రపట్టలేదు. ఇన్నేళ్ళూ నేను నేలని వస్తువులా కొలిచాను. కానీ మా డెల్టాని నిలబెడుతున్నది నేల కాదు, ఆ నేల రాకపోకలు. వచ్చే మట్టి ఆగితే కొట్టుకుపోవడం ఒక్కటే మిగులుతుంది, దానికి ఎన్ని రాళ్ళు అడ్డేసినా చాలదు. జలాశయాల్లో దిగబడిన ఒండ్రుని వరద రోజుల్లో కిందికి వదిలే మార్గాలు చూడాలి. ఏట్లో ఇసుక తవ్వేటప్పుడు ఏటా ఎంత వస్తోందో కొలిచి, అంతకు మించి ముట్టకూడదు. మడ అడవి జరగడానికి దాని వెనక కాస్త ఖాళీ వదలాలి, అంచు వరకూ చెరువులు తవ్వేస్తే అది ఎటు వెళ్తుంది? నేనేం పెద్ద చదువులు చదవలేదు. కానీ ఈ మూడూ మా పిల్లల ఊళ్ళకి ప్రాణావసరం అని నమ్ముతున్నాను.

2022 జూలైలో భద్రాచలం దగ్గర మళ్ళీ 71.3 అడుగులు వచ్చింది. మా చిన్నాన్న కొడుకు కుటుంబం ఇంకా లంకలోనే ఉంది. ఐదు రోజులు గట్టు మీద ఉన్నారు. అరటి అంతా పోయింది, రెండు గేదెలు పోయాయి. నీళ్ళు తీసాక వాడు ఫోన్ చేసి ముందు గేదెల సంగతి చెప్పి బాధపడ్డాడు. చివర్లో, ఫోన్ పెట్టేసే ముందు, "అన్నయ్యా, మంచి మన్ను పడింది" అన్నాడు.

మొన్న కార్తీకం వెళ్ళాక వాడే మళ్ళీ ఫోన్ చేశాడు. మా పాత పొలం దిగువన కొత్తగా తేలిన ఇంకో ఇసుక తిప్ప మీద ఈ ఏడు రెల్లు తీసేశారట. పది కుటుంబాలు కలిసి కౌలుకి చేసుకుంటున్నారు, ఎవరి వాటా ఎంతో కొలిచి ఇమ్మన్నాడు. శనివారం అమ్మాయి కూడా వచ్చింది. ఇద్దరం రేవులో పడవెక్కాం. గొలుసు రెండో కొస అమ్మాయికిచ్చాను. అడుగు దిగబడే మెత్తటి నేల, అక్కడక్కడా రెల్లు మోళ్ళు గుచ్చుకుంటున్నాయి. మధ్యాహ్నానికి పది వాటాలూ తేలాయి.

అమ్మాయి చుట్టూ చూసి, "నాన్నా, హద్దు రాళ్ళు ఏవి?" అని అడిగింది.

తమ్ముడు భుజం మీంచి వెదురు గడల మోపు దించాడు. ఒక్కొక్కటీ తీసి నేను చూపించిన చోట గుచ్చుకుంటూ వెళ్ళాడు. వచ్చే శ్రావణం దాకా అవి ఉంటే చాలు.